రజాకారెవరు? రాజ్యమెవరు?

బడిలో మాలో చాలామందికి రెండు పేర్లుండేవి. హాజరుపట్టీలో రాసిన పేరు ఒకటి. గొడవొచ్చినప్పుడు తోటిపిల్లలు పిలిచే పేరు ఇంకొకటి. 'రజాకారోడా' అనే ఆ మాటకు అర్థం మాకు తెలియదు. అన్నవాడికీ తెలియదు. ఇంటికొచ్చి అడిగితే నానీమా జవాబు చెప్పేది కాదు. దస్తర్‌ఖాన్ మడుస్తూ "ఆ ముచ్చట మనకొద్దు బేటా" అనేది. ఆ తిట్టుకూ ఆమె మౌనానికీ సంబంధముందని తెలియడానికి మాకు సగం జీవితం పట్టింది.

రజాకార్ అంటే ఉర్దూలో స్వచ్ఛందంగా పనిచేసేవాడు. అంతకుమించి ఇంకే అర్థమూ లేదు. మరి ఆ మాట ఒక కౌమ్ మొత్తానికి తిట్టుపేరు ఎట్లా అయింది? 1948లో పుట్టనివాళ్ళు కూడా 1948కి జవాబు చెప్పాలని ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్నలకు జవాబు ఒక్క మా ఊళ్ళల్లో దొరకదు. పారిస్‌లో, లండన్‌లో, కరాచీలో, ఢిల్లీలో కూడా వెతకాలి.

ప్రపంచ రాజకీయాల మీద రాసే పండితులు ఆటగాళ్ళను రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టు రాజ్యాలు. వాటికి సరిహద్దుంటుంది, సైన్యముంటుంది, జెండా ఉంటుంది, సమితిలో కుర్చీ ఉంటుంది. రెండో జట్టు రాజ్యేతర శక్తులు. కంపెనీలు, పార్టీలు, మత సంస్థలు, ఆయుధ వ్యాపారులు, సాయుధ దళాలు అందులోకి వస్తాయి. చదువుకోవడానికి ఈ విభజన బాగానే ఉంటుంది. బతికిచూసినవాళ్ళకు మాత్రం ఇందులో ఒక మోసం కనిపిస్తుంది. రాజ్యం మనిషిని చంపితే దానికొక చట్టం పేరు దొరుకుతుంది. రాజ్యం కానివాడు చంపితే నేరమవుతుంది. ఆ నేరస్తుడు మైనారిటీ అయితే నేరానికి అతని మతం పేరు కూడా తగులుకుంటుంది.

1947-48లో హైదరాబాద్ సంస్థానం ఈ రెండు జట్లూ ఒకేసారి దిగిన మైదానం. అందుకే ఆ పదమూడు నెలలను మేం ఇంకోసారి తిరగేస్తున్నాం. ఎవరినీ కడిగి తెల్లగా చేయడానికి కాదు. ఎవరి లెక్క వాళ్ళకు చెప్పడానికి.

కంపెనీ కూడా రాజ్యం కాదు

కథ 1947లో మొదలుకాలేదు. రాజ్యేతర శక్తి అనగానే ఈరోజు గడ్డం, తుపాకీ గుర్తొచ్చేటట్టు మన బుర్రలు తయారయ్యాయి. కానీ మన నేలమీద కాలుపెట్టిన అతిపెద్ద రాజ్యేతర శక్తి లండన్‌లో వాటాలు అమ్ముకున్న ఒక వ్యాపార సంస్థ. ఈస్టిండియా కంపెనీకి కిరీటం లేదు. కానీ సైన్యముంది, కోర్టులున్నాయి, పన్ను వసూళ్ళున్నాయి. 1798లో నిజాం ఆ కంపెనీతో సైన్యసహకార ఒప్పందం చేసుకున్నాడు. అప్పటినుంచి రాజు పేరు నిజాందే, పెత్తనం రెసిడెంటుది. సైన్యాన్ని రక్షణకని పెట్టారు, దాని ఖర్చు మన నెత్తిన రుద్దారు. ఆ అప్పు పేరుతో 1853లో బేరార్ లాగేసుకున్నారు. ఒక దుకాణం ఒక రాజ్యాన్ని తాకట్టు పెట్టించుకున్న కథ అది.

1857 జులై 17న హైదరాబాద్ జనం కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. ముందు నడిచినవాళ్ళు తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. ఆరోజు నిజాం, అతని దివాను సాలార్‌జంగ్ ఎటున్నారు? కంపెనీ వైపున్నారు. తుర్రెబాజ్‌ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. రాజూ సాయిబే, రాజుమీద తిరగబడ్డవాడూ సాయిబే. రాజ్యానికి ఒక మతముంటుందనీ, ఆ మతంలో పుట్టినవాళ్ళంతా ఆ రాజ్యమేననీ చెప్పేవాళ్ళు తుర్రెబాజ్‌ఖాన్‌ను ఎక్కడ పెడతారు? ఆయన పేరు ఒక రోడ్డుకు మిగిలింది. ఆ రోడ్డుమీద నడిచేవాళ్ళలో ఆయనెవరో తెలిసినవాళ్ళు తక్కువ.

కంపెనీ పోయి రాణి వచ్చింది. నిజాం బ్రిటిష్‌వాళ్ళకు 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అనే బిరుదు తగిలించుకున్నాడు. ఎనభై రెండువేల చదరపు మైళ్ళ సంస్థానం, కోటీ అరవై లక్షలకు పైగా జనం, పదహారు జిల్లాలు. ఎనిమిది తెలుగు జిల్లాలు, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. సొంత సిక్కా, సొంత టపా, సొంత రైలు, సొంత ఫౌజు. సముద్రం మాత్రం లేదు. పైన ఇంగ్లీషువాడి నీడ ఉన్నన్నాళ్ళూ ఇది రాజ్యమా కాదా అని ఎవరూ గట్టిగా అడగలేదు. అడగాల్సిన రోజు 1947లో వచ్చింది.

'అనల్ మాలిక్' అని చెప్పి ఏమిచ్చారు?

ఇప్పుడు మా ఇంటి లెక్క చెప్పుకోవాలి. ఇతరుల తప్పులు లెక్కపెట్టే ముందు మనవి చూసుకోకపోతే ఆ లెక్కకు విలువుండదు.

సంస్థానంలో ముస్లింలు వందకు పన్నెండు, పదమూడు మందికి మించి లేరు. 1927లో పుట్టిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్, బహదూర్ యార్‌జంగ్ నాయకత్వంలో 'అనల్ మాలిక్' అనే సిద్ధాంతం తెచ్చింది. అంటే 'నేనే రాజును' అని. నిజాం ఒక గుర్తు మాత్రమే, అసలు పాలకుడు ప్రతి ముస్లిమూ అని దాని సారం. ఎంత ఆకర్షణ ఉన్న మాటో చూడండి. దూది ఏకే లద్దాఫ్‌కు చెప్పారు నువ్వే రాజువని. గుర్రానికి నాడా కొట్టే నాల్‌బందుకు, మషక్‌తో నీళ్ళుమోసే భిస్తీకి, కచేరీ గడపలో నిలబడ్డ చప్రాసీకి చెప్పారు. గుంట జాగాలేనివాడికి సంస్థానమంతా నీదే అన్నారు. జాగీరు కాగితాలు మాత్రం జాగీర్దారు పెట్టెలోనే ఉన్నాయి. ఆ జాగీర్దార్లలో, దేశ్‌ముఖుల్లో హిందువులు తక్కువేం కాదు. ఊళ్ళల్లో వెట్టి చేయించుకున్నవాళ్ళు ఎక్కువమంది వాళ్ళే. ఆ వెట్టి కింద మాల మాదిగలతోపాటు మావాళ్ళూ నలిగారు.

కామారెడ్డిగూడెం బందగీ విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుకెక్కి గెలిచి, ఆ దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో చచ్చిపోయాడు. ఆయన కథే 'మా భూమి' నాటకానికి ప్రేరణ. నిజాం రాజ్యంలో ఒక ముస్లిం రైతును హిందూ దేశ్‌ముఖ్ చంపించగలిగాడు, రాజ్యం చూస్తూ ఊరుకుంది. అనల్ మాలిక్ అంటే బందగీ రాజన్నమాట! రాజుకు రెండెకరాలు దక్కించుకునే దిక్కు లేకపోయింది.

1944లో బహదూర్ యార్‌జంగ్ చనిపోయాడు. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ మజ్లిస్ అధ్యక్షుడయ్యాడు. రజాకార్ల దళం అతని చేతుల్లో సాయుధమూకగా మారింది. ఇది రాజ్యమా, రాజ్యేతర శక్తా? చట్టం ప్రకారం రజాకారు సర్కారు నౌకరు కాడు. కానీ 1947 అక్టోబరు 27 రాత్రి ఏం జరిగిందో చూడండి. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకోవడానికి నిజాం ప్రతినిధులు ఢిల్లీకి బయల్దేరాలి. మజ్లిస్ గుంపులు వాళ్ళ ఇళ్ళను చుట్టుముట్టి కదలనివ్వలేదు. ప్రధాని ఛత్తారీ నవాబు రాజీనామా చేశాడు. నెల తిరిగాక, నవంబరు 29న, కొత్త బృందంతో దాదాపు అదే ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. మజ్లిస్ ఆశీస్సులున్న మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. అంటే రాజ్యం తన పని చేయించుకోవడానికి ఒక ప్రైవేటు సేనను పెంచింది. పెంచిన కొన్నాళ్ళకు ఆ సేన చెప్పినట్టు రాజ్యం వినాల్సి వచ్చింది. ప్రపంచంలో ఏ దేశంలోనైనా ఈ కథ ఇట్లాగే నడుస్తుంది. తన చేతికి మట్టి అంటకుండా పని జరిపించుకోవాలని చూసే రాజ్యం చివరికి ఆ చేతికే బందీ అవుతుంది.

రజాకార్లు చేసిన దారుణాలను మేం దాచం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద నిజాం పోలీసు, ఫౌజు బలగాలతో కలిసి వాళ్ళు పడ్డారు. వంద దాకా జనాన్ని చంపారు. ఊరి బురుజు ఇప్పటికీ సాక్షిగా నిలబడి ఉంది. ఆ చనిపోయినవాళ్ళకు మేం మా పెద్దలకు ఫాతిహా చదివినంత గౌరవంతో తలవంచుతాం. కానీ ఒక్కటి గమనించాలి. బైరాన్‌పల్లిలో రజాకారు ఒంటరిగా రాలేదు. సర్కారుతో వచ్చాడు. చరిత్ర చెప్పేటప్పుడు ఆ సర్కారు వెనక్కి జరుగుతుంది. ముందు రజాకారు మిగులుతాడు. కొంతకాలానికి అతనూ పోయి 'సాయిబు' మిగులుతాడు.

అందరి చేతుల్లో తుపాకులు

ఆ రోజుల్లో సంస్థానంలో ఆయుధం పట్టిన రాజ్యేతర శక్తి రజాకారొక్కడే అనుకుంటే పొరపాటు. సరిహద్దుల అవతల మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాల నేలమీద స్టేట్ కాంగ్రెస్ శిబిరాలుండేవి. అక్కడినుంచి కార్యకర్తలు లోపలికొచ్చి కరోడ్‌గిరి నాకాల మీద, ఠాణాల మీద దాడులు చేసేవాళ్ళు. 1948లో నాందేడ్ జిల్లా ఉమ్రీలో బ్యాంకు కొల్లగొట్టింది అట్లాంటి దళమే. ఆర్యసమాజ్ ఉంది. ఇటు నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో ఆంధ్రమహాసభ, కమ్యూనిస్టు దళాలున్నాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన నాటినుంచి వాళ్ళు దొరల గడీలతో పోరాడుతున్నారు. ఆ ఎర్రజెండా కింద మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. విచిత్రమేమంటే ఢిల్లీతో తగువు ముదిరిన 1948 మేలో నిజాం సర్కారు కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. శత్రువుకు శత్రువును వాడుకోవచ్చునన్న ఆశ కావచ్చు. రాజ్యాలకు సిద్ధాంతం కంటే అవసరం ముఖ్యం.

భారత ప్రభుత్వం బహిరంగంగా యుద్ధం చేయలేదు. సరుకుల రాకపోకలు బిగించింది. మందులు, ఉప్పు, యంత్రాల విడిభాగాలకు కటకట వచ్చింది. ఒప్పందాన్ని తప్పారని రెండుపక్కలా ఒకరినొకరు నిందించుకున్నారు. నిజాం సర్కారు తన దగ్గరున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీల్లో ఇరవై కోట్ల రూపాయలవి పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. ఢిల్లీ దాన్ని ఒప్పంద ఉల్లంఘన అంది.

అప్పుడే ఇంకో పాత్ర ప్రవేశించింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానయజమాని. ఆయనకు ఇస్లాం తెలియదు, హైదరాబాద్ మీద ప్రేమ లేదు. డబ్బు తెలుసు. కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో తుపాకులు తెచ్చి హైదరాబాద్ సంస్థానం విమానాశ్రయాల్లో దించాడు. తర్వాత ఇంగ్లండు కోర్టు ఆయనకు చిన్న జుల్మానా వేసి వదిలింది. ఆయుధాలు తెచ్చిన తెల్లవాడు సాహసికుడుగా పుస్తకాలకెక్కాడు. ఆ ఆయుధం చూడనైనా చూడని ఊరి సాయిబు ముద్దాయి అయ్యాడు.

1948 ఆగస్టు 21

ఈ తారీఖు మా గుండెలో రెండుసార్లు గుచ్చుకుంటుంది.

ఆరోజు హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి తంతి పంపింది. భారతదేశం మామీద దాడి చేయబోతోంది, జోక్యం చేసుకోండని దాని సారాంశం. సమితి నిబంధనావళి 35వ అధికరణ ప్రకారం సభ్యత్వం లేని రాజ్యం కూడా ఫిర్యాదు చేయొచ్చు. కాని 'రాజ్యం' అయి ఉండాలి. హైదరాబాద్ రాజ్యమా? నిజాం ఔనన్నాడు. భారత్ కాదంది. బ్రిటన్ తన సార్వభౌమాధికారం రద్దయిందని చెప్పి చేతులు కడుక్కుంది. కోటీ అరవై లక్షల మంది ప్రాణాలు ఒక పదం అర్థం మీద వేలాడాయి. ఆ జనాన్ని 'మీకేం కావాలి' అని నిజామూ అడగలేదు, మండలీ అడగలేదు.

అదే రాత్రి హైదరాబాద్ వీధిలో షోయబుల్లాఖాన్‌ను నరికారు. ఆయన 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు. వయసు ముప్పై కూడా లేదు. బాఖర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను అదుపు చేయాలనీ భారత్‌లో కలవాలనీ చేసిన ప్రకటనను ఆయన అచ్చువేశాడు. అంతకుముందునుంచే రజ్వీ రాజకీయాలను ఉతికి ఆరేస్తున్నాడు. ఆయన రాసే చేతిని నరికారు. తెల్లవారేలోగా ప్రాణం పోయింది.

చూడండి. ఒకే రోజు ముస్లిం రాజు పేరుతో ఒక తంతి సమితి దారి పట్టింది. ఒక ముస్లిం పత్రికా రచయిత నెత్తురు హైదరాబాద్ మట్టిలో ఇంకింది. ఈ రెంటిలో 'ముస్లింల గొంతు' ఏది? తంతిని మా నెత్తికి కట్టేవాళ్ళు షోయబ్‌ను కూడా మా లెక్కలో రాయాలి కదా! ఆయన పేరు పాఠ్యపుస్తకంలో వస్తే 'జాతీయవాది'గా మాత్రమే వస్తుంది, సాయిబుగా రాదు. రజ్వీ మాత్రం ఎప్పుడూ సాయిబే. మంచివాడు దేశానికి, చెడ్డవాడు కౌమ్‌కు. ఈ పంపకం ఎవరు చేశారు?

పోలీసులు ట్యాంకులతో వస్తారా?

సెప్టెంబరు 11న కరాచీలో జిన్నా చనిపోయాడు. 13న భారత సైన్యం షోలాపూర్ వైపునుంచి, బెజవాడ వైపునుంచి లోపలికి వచ్చింది. ట్యాంకులున్నాయి, విమానాలున్నాయి. సైన్యం తన లోపలి కాగితాల్లో దాన్ని 'ఆపరేషన్ పోలో' అని రాసుకుంది. లోకానికి చెప్పిన పేరు మాత్రం 'పోలీసు చర్య'. ఈ పేరు ఊరికే రాలేదు. యుద్ధమంటే రెండు రాజ్యాల మధ్య జరిగేది. యుద్ధమని ఒప్పుకుంటే సమితి కల్పించుకోవచ్చు. పోలీసు చర్య అంటే ఇంటి గొడవ. ఇంట్లోకి ఎవరూ తొంగిచూడకూడదు. ఒక్క మాటతో హైదరాబాద్ రాజ్యం నుంచి ఠాణా హద్దులోకి వచ్చి పడింది.

16న పారిస్‌లో భద్రతామండలి ఈ ఫిర్యాదును ఎజెండాలోకి తీసుకుంది. హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్‌జంగ్, భారత్ తరఫున రామస్వామి మొదలియార్ మాట్లాడారు. వాదనలు తేలేలోపు, 17న, నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురికి లొంగిపోయాడు. 22న నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని సమితికి తంతి ఇచ్చాడు. రాజ్యం ఎంత సులువుగా తనను తాను కాపాడుకుంటుందో! వారం కింద స్వతంత్ర రాజు, వారం తర్వాత కేంద్రానికి విధేయుడు. 1950 జనవరి 26న ఆయనే హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. 1956 దాకా ఆ పీఠం మీద కూర్చున్నాడు. ఏటా యాభై లక్షల రాజభరణం. ఆయన్ని ఎవరూ 'రజాకారోడా' అనలేదు.

తర్వాత ఏమైంది?

నానీమాలు చెప్పనిది ఇక్కడ మొదలవుతుంది. పెద్ద యుద్ధమే జరగలేదు. అసలు చావులు లొంగుబాటు తర్వాత వచ్చాయి.

నవంబరు చివర్లో కేంద్ర ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను సంస్థానానికి పంపింది. వాళ్ళు నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. నూటా తొమ్మిది ఊళ్ళకు చెందిన ఐదొందల మందికి పైగా చెప్పింది విన్నారు. చాలా తగ్గించి లెక్కవేసినా పోలీసు చర్య సమయంలో, తర్వాత ఇరవై ఏడువేల నుంచి నలభై వేలమంది దాకా ప్రాణాలు కోల్పోయారని వాళ్ళు రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే పద్దెనిమిది వేలకు తగ్గకుండా అన్నారు. తెలుగు జిల్లాల్లో తీవ్రత తక్కువ. కాని నల్లగొండ, మెదక్ పేర్లు కూడా అందులో ఉన్నాయి.

ఎవరు చంపారు? ఈ నివేదిక విలువ ఇక్కడే ఉంది. అది ఏ ఒక్కరి మీదా మొత్తం నేరం నెట్టలేదు. సరిహద్దుల అవతలినుంచి సైన్యం వెనకే వచ్చిన సాయుధ మూకలున్నాయంది. స్థానికులున్నారంది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలకు, హత్యలకు ఉసిగొల్పారనీ, కొన్నిచోట్ల తామే పాల్గొన్నారనీ చెప్పింది. అదే సైన్యంలో క్రమశిక్షణ పాటించి ముస్లింలను కాపాడిన అధికారులున్నారని కూడా చెప్పింది. హిందూ ఇరుగుపొరుగు ప్రాణాలొడ్డి ముస్లింలను దాచిన ఊళ్ళ గురించీ రాసింది. బావుల్లో శవాలను చూశామని రాసింది. తండ్రులు, అన్నలు లేక మిగిలిన ఆడవాళ్ళను, పిల్లలను చూశామని రాసింది.

రజాకార్లు నిజాం సర్కారు నీడలో చేసింది ఎట్లాంటిదో, ఈ మూకలు చేసిందీ అట్లాంటిదే. ఒక రాజ్యం నీడ, ఆ నీడలో రాజ్యం కాని చేతులు. కాని ఒక మూకకు చరిత్రలో పేరుంది. రెండో మూకకు పేరు లేదు. పేరు లేనివాడిని తిట్టడానికి మాట కూడా ఉండదు. ఏ పిల్లవాడినీ ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, పిలవకూడదు కూడా. తాతల పాపం మనవలకు అంటగట్టకూడదన్న నీతి వాళ్ళకు వర్తించింది. మాకూ వర్తించాలనే మేం అడుగుతున్నాం.

ఆ నివేదిక ఢిల్లీకి చేరింది. ఉప ప్రధాని పటేల్‌కు నచ్చలేదు. ప్రభుత్వం ప్రచురించలేదు. కొన్ని భాగాలు పరిశోధకుల పుస్తకాల్లో బయటపడ్డాయి. 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదవడానికి అందుబాటులోకి రాలేదు. అరవై ఐదేళ్ళు! ఆ అరవై ఐదేళ్ళూ నానీమాలు నోరు మూసుకున్నారు. వాళ్ళు మరిచిపోయారనుకున్నాం. రాజ్యం కాగితాన్ని బీరువాలో దాచింది. వాళ్ళు కడుపులో దాచుకున్నారు.

సైన్యం 'విముక్తి' చేసి వెళ్ళిపోయిందా? లేదు. రజాకార్లు పోయాక అదే సైన్యం కమ్యూనిస్టుల మీదికి మళ్ళింది. 1951 అక్టోబరులో సాయుధపోరాటం విరమించేదాకా తెలంగాణ పల్లెల్లో, గోదావరి అడవుల్లో వేట సాగింది. పారిపోయిన దేశ్‌ముఖులు టోపీలు మార్చుకుని గడీలకు తిరిగొచ్చారు. రూమీ టోపీ తీసి గాంధీ టోపీ పెట్టుకోవడానికి ఒక్క నిమిషం చాలు. తెలుగు రైతు, ముస్లిం పేద ఇద్దరూ ఒకే బందూకు ముందు నిలబడ్డారని ఈ రెండు కథలూ కలిపి చదివితేగాని తెలియదు. విడివిడిగా చదివించడమే పాలకులకు లాభం.

ఎవరు కట్టారు జుల్మానా?

కాసిం రజ్వీ జైలుకెళ్ళి 1957లో విడుదలై పాకిస్తాన్ చేరాడు. లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని అటే వెళ్ళాడు. నవాబుల్లో కొందరు కరాచీ, లండన్ పోయారు. మిగిలినవాళ్ళు దేవిడీలు అమ్ముకుని కొన్నాళ్ళు బతికారు. పోవడానికి ఏ దేశమూ లేనివాళ్ళు ఊళ్ళల్లో మిగిలారు. నిజాం ఫౌజు రద్దయింది. సర్కారీ కొలువుల్లో వేలమంది రోడ్డున పడ్డారు. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఉస్మానియాలో ఉర్దూ స్థానం పోయింది. ఉర్దూ చదివిన గుమాస్తా ఒక్కరాత్రిలో నిరక్షరాస్యుడయ్యాడు. వాడి కొడుకు సైకిళ్ళు బాగుచేశాడు, మనవడు పంక్చర్లు వేశాడు, ఇంకో మనవడు గల్ఫ్‌కు పోయాడు. ఇప్పుడు ఆ మనవడిని 'మీరు ఒకప్పుడు పాలకులు కదా' అంటారు!

నిజాం ఫౌజులో తరాలుగా ఉన్న అరబ్బులు, రొహిల్లాల కథ ఇంకా ఘోరం. వాళ్ళను విదేశీయులన్నారు. క్యాంపుల్లో పెట్టారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి ఆడవాళ్ళను నికా చేసుకుని, దక్కనీ మాట్లాడేవాళ్ళు ఏ రాజ్యానికి చెందుతారు? ఒక రాజ్యం చచ్చి ఇంకోటి వచ్చేచోట మనుషులు సందులో పడిపోతారు. బార్కస్‌కు వెళితే ఆ సందులోంచి బయటపడి నిలదొక్కుకున్నవాళ్ళ మనవలు కనిపిస్తారు. ఒకప్పటి ఫౌజీ బ్యారక్సే నేటి బార్కస్.

డబ్బు కథ కూడా చెప్పుకోవాలి. 1948 సెప్టెంబరు 20న, అంటే లొంగుబాటు తర్వాత, మొయిన్ నవాజ్‌జంగ్ లండన్ బ్యాంకులోని నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి పది లక్షల ఏడువేల తొమ్మిదివందల నలభై పౌండ్లను పాకిస్తాన్ హైకమిషనర్ రహింతుల్లా ఖాతాకు మార్చాడు. వారం తిరగకుండా నిజాం నా డబ్బు నాకివ్వండన్నాడు. 1957లో ఇంగ్లండు ప్రభువుల సభ, పాకిస్తాన్ ఒక సార్వభౌమ రాజ్యం కాబట్టి దానికి కోర్టునుంచి రక్షణ ఉందని కేసు ఆపేసింది. రాజ్యమన్న హోదా ఒక కవచం. చివరికి 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు భారత ప్రభుత్వానికీ, నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పిచ్చింది. అప్పటికి ఆ డబ్బు పెరిగి మూడున్నర కోట్ల పౌండ్లయింది. డెబ్బై ఏళ్ళు ఒక్క పౌండు పోకుండా లెక్క రాసిపెట్టారు. మంచిదే. లాతూరులో, బైరాన్‌పల్లిలో పోయిన మనుషుల లెక్క మాత్రం ఇరవై ఏడుకూ నలభైకీ మధ్య, తొంభైకీ నూటా ఇరవైకీ మధ్య ఊగుతూ ఉండిపోయింది. రాజ్యాలకు పౌండ్లు లెక్కపెట్టడం వచ్చు. మనుషులను లెక్కపెట్టడం రాదు.

ఏ పేరుతో పిలుద్దాం?

ఇప్పుడు ప్రతి సెప్టెంబరు 17కూ ఒక పేరు కోసం తగువు. విమోచనమని ఒకరు, విలీనమని ఒకరు, విద్రోహమని ఒకరు. 2022లో అయితే హైదరాబాద్‌లో ఒకేరోజు కేంద్రం విమోచన దినం చేసింది, రాష్ట్రం సమైక్యతా దినం చేసింది. 2024 నుంచి రాష్ట్రంలో అది ప్రజాపాలన దినోత్సవమైంది. పేర్లు మార్చేది రాజ్యం. పేరు మారినప్పుడల్లా బస్తీలో కిటికీలు మూసుకునేది మేం. సభల్లో మైకులు 'రజాకార్' అని అరిచినప్పుడు ఆ మాట 1948 మీదికి పోదు. సందు చివర పాన్‌డబ్బా పెట్టుకున్న మనిషి మీదికొస్తుంది.

2001 తర్వాత ప్రపంచమంతా 'రాజ్యేతర శక్తి' అనే మాట మారుమోగింది. ఆ మాట వినగానే అందరి చూపూ మావైపు తిరుగుతుంది. రాజ్యాలు పెంచిన ముఠాలు, రాజ్యాలు అమ్మిన తుపాకులు, రాజ్యాలు తెరిచిన సరిహద్దులు కనబడకుండా పోతాయి. హైదరాబాద్ చరిత్ర మాకు నేర్పింది ఇదే. రాజ్యేతర శక్తి ఎక్కడ హింసకు దిగినా దాని వెనక, పక్కన, లేదా ఎదురుగా ఏ రాజ్యం నిలబడిందో ముందు చూడాలి. తుపాకీ పట్టినవాడి మతం అడగడానికి ముందు తుపాకీ ఎవరిచ్చారో అడగాలి.

మేం క్షమాపణ అడగడంలేదు, నష్టపరిహారం అడగడంలేదు. రజ్వీని మోయాల్సిన బాధ్యత మాకు లేదు. నిజాంను మోయాల్సిన మోజు అసలే లేదు. తుర్రెబాజ్‌ఖాన్, బందగీ, షోయబుల్లా, మఖ్దూం మావాళ్ళు. దొడ్డి కొమురయ్యా మావాడే. బైరాన్‌పల్లి బురుజు దగ్గర మేం నిలబడతాం. మాతోపాటు మరాఠ్వాడా బావుల దగ్గరికి మీరూ రండి. ఒక చోట కన్నీళ్ళు, ఇంకోచోట మౌనం అయితే అది చరిత్ర కాదు.

నానీమా ఇప్పుడు లేదు. 'ఆ ముచ్చట మనకొద్దు' అన్న మాట ఆమెతోనే పోవాలి. ఆ ముచ్చట మనకు కావాలి, మొత్తంగా కావాలి. రేపు బడిలో మా పిల్లవాడిని ఎవడైనా ఆ మాట అంటే, వాడు ఏడుస్తూ ఇంటికి రాకూడదు. అక్కడే నిలబడి ఆ మాటకు అర్థం చెప్పగలగాలి. అన్న పిల్లవాడు కూడా కూర్చుని వినగలగాలి.